ఎత్తుకున్న ఆకు తట్టలో పెట్టకూడదు

ఫిబ్రవరి 3, మంగళవారం, చింతామణి

నా కొడుకు కిశోర్‌కు మిలిట్రీ కాల్ లెటర్ వచ్చింది. మార్చి 2న బెంగళూర్లో రిపోర్టు చేసుకోవాల. వాడి జతగాడు జంగమకోటె అమరేష్‌కూ వచ్చిందంట, అదే దినం, అదే గేటు. ఇద్దురూ ఫోన్లో కేకలు పెట్టుకుంటాండారు.

నాకు గర్వంగా ఉండాది. నిజంగానే. మా ఇంట్లో నాలుగు తరాలు గుళ్ళో గంట కొట్టినారు. నేను గుడి వదిలి కన్నడ మేష్ట్రునయినా. మా వంశంలో తుపాకి పట్టుకునేది వీడే మొదలు. గర్వమే.

ఆ ఫారం తెచ్చిచ్చింది నేనే. పోయిన ఏడాది, యుద్ధం మాట ఎవురి నోట్లోనూ లేనప్పుడు. సర్కారు పని కదా, బిడ్డ ఒక దారికి వస్తాడు అనుకున్నా. ఆనక యుద్ధం వచ్చింది. పదైదు దినాల్లో అయిపోతుందన్నారు. ఎనిమిది నెలలయింది. చింతామణికి రెండు శవాల పెట్టెలొచ్చినాయి, నాగరగెరెకు ఒకటి. టీ అంగడి కాడ ఎవురూ గొంతు కూడా దించకుండా అంటాండారు, "ఎవురిదో మంచు కొండ, దానికి మన పిల్లోళ్ళా" అని.

ఈ డైరీ తెలుగులో రాస్తాండా. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. తెలుగు అక్షరాలు నాకు మా నాయన నేర్పించినాడు. కిశోర్‌కు ఐదేండ్లప్పుడు వాడికీ పలక మీద దిద్దించినాడు గానీ ఆయన పోయినాక ఆ పలక యాడ పోయిందో. కాబట్టి ఈ పుస్తకం టేబుల్ మీద తెరిచిపెట్టి పోయినా నాకు భయం లేదు.

గర్వంగానే ఉండాది.

ఫిబ్రవరి 5, గురువారం

చిక్కబళ్ళాపురంలో సభ. సర్కారు మేష్ట్రులందురూ రావాలని సర్క్యులరు. బస్సులో ఎక్కించుకొని పోయినారు. వచ్చింది ఢిల్లీ మంత్రి, మన రాష్ట్రమాయనే. పేరు పెట్టి ఎవురూ పిలవరు, అందురికీ ఆయన సాహేబ్రు. యుద్ధానికి జనం మద్దతు కూడగట్టే పని ఆయన నెత్తిన పెట్టినారంట. జిల్లా జిల్లా తిరుగుతాండాడు.

ఏమి మనిషప్పా! ఆరడుగుల పైన ఉండాడు. తెల్ల పంచె, తెల్ల మీసం. మైకు ముందర నిలబడి మొదట అర నిమిషం ఏమీ మాట్లాడలేదు, ఊరికే చూసినాడు. అంత మందిలో నన్నే చూసినట్లుండింది. పక్కనున్న అంజినప్ప మేష్ట్రు నా చెయ్యి గిల్లి, "నన్నే చూసినాడు భార్గవా" అన్నాడు.

మాటలు మాత్రం జనాన్ని తాకలేదు. దేశం, త్యాగం, చరిత్ర, అంతా పుస్తకం కన్నడం. చప్పట్లు ముందు వరసలో పుట్టి ముందు వరసలోనే చచ్చినాయి. అప్పుడు వెనకనుంచి ఒక ముసలాయన లేసి తెలుగులోనే అడిగినాడు, "ఇంకా ఎంతమంది కావాలప్పా మీకు?"

పోలీసోళ్ళు ఆయప్ప దిక్కు నడిచినారు. సాహేబ్రు చెయ్యెత్తి ఆపినాడు. ఏమన్నాడని పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. వేదిక దిగినాడు. జనం మధ్యలో దారి చేసుకొని పోయి ఆ ముసలాయన ముందర చేతులు కట్టుకొని నిలబడినాడు. అంతే, నిలబడినాడు. అంత పెద్ద మనిషి, చింపిరి తువ్వాలేసుకున్న రైతు ముందర తల వంచినాడు!

ఆ ముసలాయన అడిగినదానికి జవాబు చెప్పలేదనేది నాకు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కిశోర్ పొద్దున్నే లేసి స్టేడియం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తొచ్చినాడు. మా ఇంటామె పంకజ మాత్రం పిండి పిసికేకి కూచుంటే పిసుకుతానే ఉంటుంది. "సాలు లేవే, చెయ్యి నొస్తుంది" అన్నా. "నొప్పి చేతిలో లేదు లెండి" అన్నాది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ దినం జరిగింది సాయంత్రందాకా నమ్మలేకపోయినా. వరసగా రాసుకుంటా.

పొద్దున మోహన్‌కుమార్ కారేసుకొని ఇంటికొచ్చినాడు. నా శిష్యుడే, మూడుసార్లు ఎస్సెస్సెల్సీ తప్పినోడు, ఇప్పుడు పార్టీలో పెద్దమనిషి. "సార్, సాహేబ్రుకు మన పక్క మాట బాగా తెలిసినోళ్ళు కావాలంట. మీ పేరు చెప్పినా" అన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వెతుకుతాంటే పంకజ వాకిట్లో నిలబడి, "ఆయన యుద్ధానికి మీరు మాటలు రాసేకి పోతాండారా?" అన్నాది. "ఊరికే పోయి మాట్లాడొస్తా, పిలిస్తే పోకుంటే బాగుంటుందా?" అన్నా.

చిక్కబళ్ళాపురం ఐబీలో, అదే సర్కారు బంగళాలో దిగినాడు సాహేబ్రు. మేము పోయేటప్పటికి చాప మీద కూచోని రాగి ముద్ద తింటాండాడు, అదీ నమలకుండా, మనోళ్ళ మాదిరే మింగుతాండాడు. నన్ను చూసి ఎడమ చేత్తో చాప తట్టి కూచోమన్నాడు. చాప అంచున కూచున్నా. ఆయన మాట్లాడేది కన్నడమే, నేను ఈడ తెలుగులో రాసుకుంటాండా.

"మేష్ట్రే, నా మాట వీళ్ళ చెవిలో పడతాంది, ఇంట్లోకి పోవడం లేదు. ఎందుకు?"

నా నోటినుంచి ఎట్లొచ్చిందో తెలీదు. "సభలో చెప్తే జనం వింటారు సాహేబ్రే, విని ఇంటికి పోతారు. తట్టలో పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు" అన్నా.

"అంటే?"

రణవీళ్యం సంగతి చెప్పినా. మా తాత చెప్పిన కథ. పాళెగాళ్ళ కాలంలో ఈ సీమలో యుద్ధం వస్తే దండోరా వేసేది కాదు. దొర ఇత్తడి తట్టలో తమలపాకులూ వక్కా పెట్టుకొని కొలువులో నిలబడేది. ఎవురు ఆకు ఎత్తుకుంటే వాళ్ళు యుద్ధానికి ఒప్పుకున్నట్ల. ఎత్తుకున్న ఆకు మళ్ళీ తట్టలో పెట్టకూడదు. ఎత్తుకున్నోడు పోయినాక ఆ ఆకు ఇంట్లో పెట్టుకుంటారు, ఎండినా సరే, పోయినోడు తిరిగొచ్చేదాకా పారెయ్యకూడదు.

ఆయన ముద్ద పక్కన పెట్టేసినాడు. "ఎవురూ ఎత్తుకోకుంటే?"

"ఆకువక్క తట్ట వట్టిగా తిప్పి పంపడం మా జనానికి చేతకాదు సాహేబ్రే. చుట్టం మొహం మీద తలుపేసినట్ల. ఎవురో ఒకరు లేస్తారు. ఒకరు లేస్తే ఇంకొకరు లేస్తారు."

ఆయన నన్ను చానా సేపు చూసినాడు. ఆనక నా భుజం మీద చెయ్యేసి, "ముప్పై ఏండ్లనుంచి సభలు చేస్తాండా మేష్ట్రే. ఇది నాకు ఎవురూ చెప్పలేదు" అన్నాడు.

ముప్పై ఏండ్లు నేనూ పాఠం చెప్పినా. ఒక్కడూ నన్ను అట్ల చూడలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రాసిచ్చేసినా. ఆయనకు తెలుగు రాదు, అందుకని తెలుగు మాటలే కన్నడ అక్షరాల్లో రాసినా. మన ఇండ్లల్లో అనే మాటలే. "అమ్మా, అప్పా, నేను అడిగేకి వచ్చినా. ఇంటికొక బిడ్డనివ్వండి. ఈ ఆకు ఎత్తుకునే బిడ్డ ఎవురు?" రాసేటప్పుడు నాకే కండ్లలో నీళ్ళొచ్చినాయి. బాగా కుదిరింది.

తట్ట కూడా మా ఇంటిదే ఇచ్చినా. నాయన గుళ్ళో హారతి తిప్పిన ఇత్తడి తట్ట. పంకజ చింతపండేసి తోమి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

బాగేపల్లి. సభనుంచి ఇప్పుడే ఇంటికొచ్చినా.

హైస్కూలు మైదానం నిండిపోయింది. ఎండ మొహానికి కొడతాంది. సాహేబ్రు ఈసారి ఉపన్యాసమే చెయ్యలేదు. తట్ట రెండు చేతుల్లో పట్టుకొని వేదిక అంచుకు వచ్చినాడు. నేను రాసిచ్చిన నాలుగు మాటలు తెలుగులో అన్నాడు. యాస కొంచెం గట్టిగా పలికింది, దానికే జనం మెత్తబడినారు. "అయ్యో, మన మాట కష్టపడి నేర్చుకున్నాడే" అని ఒకామె అన్నాది. ఆనక గమ్మున నిలబడినాడు. తట్ట దించలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. చేతులు బరువెక్కి కొంచెంగా వణికేది అందురికీ కనబడతాంది. తల్లులు పిల్లోళ్ళ చొక్కాలు పట్టుకొని ఉండారు. నేను వేదిక పక్కన నిలబడి దేవుడా దేవుడా అనుకుంటాండా.

అప్పుడు వెంకటరామప్ప లేసినాడు. ఎనభై ఏండ్ల మనిషి, వెనకటి యుద్ధంలో ఒక కాలికి దెబ్బ తగిలి కుంటుతాడు. మెట్లెక్కేకి ఎవురో చెయ్యిస్తే విదిలించుకున్నాడు. తట్టలోనుంచి ఆకు ఎత్తి కండ్లకద్దుకున్నాడు. "నన్ను తీసుకోరని తెలుసు. ఆయన చేతులు దించితే సాలు, అందుకని వచ్చినా" అన్నాడు.

మైదానంలో ఏడవనోళ్ళు లేరు. ఆనక ఒకడు వచ్చినాడు, ఆనక ముగ్గురు, ఆనక లెక్క లేదు. పోయిన వారం రాయి వేసేట్లుండిన జనం ఈ వారం ఆకు కోసం వరసలో నిలబడినారు! ఇది ఎట్ల జరిగింది? నా నాలుగు మాటలకు, మా నాయన తట్టకు, ఆ మనిషి వణికే చేతులకు. ఇంత శక్తి ఈ లోకంలో ఉండాదని నాకు తెలీదు. తెలుసుంటే ముందే భయపడుందును.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నిన్న ఒక సంగతి రాయలేదు.

వచ్చేటప్పుడు సాహేబ్రు తన కార్లోనే కూచోబెట్టుకున్నాడు. పిల్లోళ్ళెంతమంది మేష్ట్రే అన్నాడు. ఒక్కడే అన్నా. ఏమి చేస్తాండాడు అన్నాడు. చెప్పినా. ఆయన కిటికీలోనుంచి బయట చూస్తా, "ఒక్కడేనా" అన్నాడు. "ఒక్కడే సాహేబ్రే. పెండ్లయిన పదకొండేండ్లకి పుట్టినాడు" అన్నా. అంతే. నేను ఏమీ అడగలేదు. ఎవురన్నా అడిగితే దేవుని ముందర నిలబడి చెప్తా, నేను ఏమీ అడగలేదు.

ఈ దినం పొద్దున ఆయన పీఏ ఫోన్ చేసినాడు. కిశోర్‌కు మెడికల్ మళ్ళీ చేస్తారంట, 25వ తారీకు. కంటి దోషం అని రాసి వెనక్కి పంపిస్తారంట. "సాహేబ్రు మీకు నమస్కారం చెప్పమన్నారు" అని పెట్టేసినాడు.

అడగకుండానే ఇచ్చేవాణ్ణే కదా దొర అంటారు. ఎంత మనసు! ఇంత పెద్ద యుద్ధం మోస్తా నా ఒక్క బిడ్డను గుర్తు పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 14, శనివారం

కిశోర్‌కు మెయిల్ వచ్చింది. ఫోన్ పట్టుకొని వంటింట్లోకి వచ్చినాడు. "నాయనా, నా కండ్లకేమయింది?"

"సర్కారు పద్ధతి రా. అందురికీ చేస్తారు."

వాడు నా చెయ్యి పట్టుకొని మిద్దె మీదికి తీసుకుపోయినాడు. వీధి చివర మందుల అంగడి బోర్డు ఉండాది, నాకు ఆ బోర్డే సరిగ్గా కనబడదు. వాడు దాని కిందున్న ఫోన్ నంబరు పదంకెలూ చదివి చూపించినాడు. దాని వెనక నిలబడిన బస్సు నంబరూ చదివినాడు. "చెప్పు నాయనా, ఏమయింది?"

"నేనేమన్నా డాక్టరునా?" అని అరిచినా. ఎందుకరిచినానో.

ఫిబ్రవరి 15, ఆదివారం

అమరేష్‌కు ఆ మెయిల్ రాలేదంట.

ఫిబ్రవరి 17, మంగళవారం

నేను పాఠం చెప్పేది జంగమకోటెలోనే. సాహేబ్రుకు ఒక తల్లి కావాలంట, ఇంటికి పోయి ఆకువక్క ఇచ్చేకి, పేపరోళ్ళు ఫోటో తీసుకునేకి. సుజాతమ్మ పేరు చెప్పింది నేనే. అమరేష్ వాళ్ళమ్మ. మొగుడు పోయినాక రేష్మె పురుగులు సాకి ఒక్కతే వాణ్ణి పెంచింది. వాడు ఎట్లా పోతాండాడు కదా, ఆమెకు గౌరవమన్నా దక్కుతుంది అనుకున్నా. గౌరవమే కదా అది.

పోయేటప్పటికి పురుగులకు నాలుగో జ్వరం, అదే పొర విడిచేది, అయిపోయి, ఆకు మీద పడి తింటాండాయి. ఈ ఏడు దినాలే వాళ్ళ కష్టమంతా. ఈ సమయంలో పురుగుల ఇంట్లోకి బయటివాళ్ళని రానివ్వరు. సాహేబ్రు వెనక ఇరవై మంది, కెమెరాలు, సెంటు వాసన. సుజాతమ్మ గడప మీద అడ్డం నిలబడింది, చేతిలో ఆకు బుట్ట.

"మీరు ఎవురైనా సరే సామీ, కాళ్ళు కడుక్కోండి. సెంటు పూసుకున్నోళ్ళు బయటే ఉండండి. నా పురుగులు చస్తే మీరు తెచ్చిస్తారా?"

మోహన్‌కుమార్ మొహం మాడిపోయింది. సాహేబ్రు మాత్రం చెప్పులిడిచి, సున్నపు నీళ్ళలో కాళ్ళు కడుక్కొని, గడప ఇవతలే చేతులు కట్టుకొని నిలబడినాడు. లోపలినుంచి వాన కురిసినట్ల చప్పుడు, వేల పురుగులు ఆకు కొరికేది. ఆయన మొహంలో నిజంగా ఆశ్చర్యం చూసినా. రాజ్యాలేలే మనిషి ఒక పురుగుల ఇంటి ముందర చిన్నపిల్లోని మాదిరి చెవి పెట్టి వింటాండాడు.

ఆయన తట్ట పట్టినాడు. సుజాతమ్మ చేతులు కడుక్కొని పైట చెంగుకు తుడుచుకునింది. ఎత్తుకోకుండా నన్ను చూసింది.

"మేష్ట్రు సామీ, ఒక మాట. నేను యుద్ధానికి ఒప్పుకొని ఎత్తుకునేది కాదు. ఈ యుద్ధం ఎందుకో నాకు ఎవురు చెప్పినా తెలియలేదు. మావోడు పోతానంటాండాడు, వాడి కోసరం ఎత్తుకుంటా. మీ కిశోరూ వాడి జతలో పోతాండాడు కదా? ఇద్దురూ ఒకే బస్సులో పోతారు, ఒకే తావ ఉంటారు అన్నాడు అమరేష్. నాకు అదొక్కటే ధైర్యం. పోతాండాడు కదా?"

సాహేబ్రు తల తిప్పి నన్ను చూసినాడు. ఆయనకు తెలుగు రాదు, అయినా ఆమె ఏమి అడిగిందో ఆయనకు తెలిసిపోయింది. నేను ఆయన దిక్కు చూసినా.

"పోతాండాడమ్మా" అన్నా.

సాహేబ్రు కన్నడంలో, "హౌదమ్మా, ఇబ్బరూ జొతేగే" అన్నాడు. ఔనమ్మా, ఇద్దురూ జతగానే అని. నా కంటే మెత్తగా చెప్పినాడు. నా కంటే బాగా.

ఆమె ఆకు ఎత్తి కండ్లకద్దుకొని, రెండో చేత్తో బుట్ట ఎత్తుకొని లోపలికి పోయింది. ఫోటోకు నిలబడలేదు. పురుగులకు ఆకు వేసే వేళంట.

నేను ఇంతవరకూ సాహేబ్రునే పెద్ద మనిషి అనుకుంటాండా. ఇప్పుడూ అనుకుంటాండా. కానీ ఆ గడప మీద నిలబడింది ఎవురు?

ఫిబ్రవరి 18, బుధవారం

పంకజ అడిగింది, "సుజాతమ్మ ఫోన్ చేసింది. మీ పిల్లోడు ఉండాడని ధైర్యంగా ఉండాదమ్మా అన్నాది. ఏమండీ, కంటి పరీక్ష సంగతి ఆమెకు చెప్పినారా?"

"పరీక్ష కానీ, ఆనక చెప్పొచ్చు."

"పరీక్షలో ఏమొస్తుందో మీకు ముందే తెలుసేమో."

నేను పేపర్ తిప్పుతా కూచున్నా. ఆమె గిన్నెలు కడుగుతా తనలో తాను, "చెప్పేవి శ్రీరంగ నీతులు" అన్నాది. తక్కింది అనలేదు. నాకు సామెత మొత్తం తెలుసు.

నేనేమి తప్పు చేసినా? అందురూ వాళ్ళ పిల్లోళ్ళకు చేసుకునేదే. చేసుకునే శక్తి ఉంటే ఎవురు ఊరికుంటారు? అమరేష్‌కూ అడిగుందును. ఒకేసారి రెండు అడిగితే బాగుండదు. నిజానికి నేను ఒకటీ అడగలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

కిశోర్ ఈ దినం పరిగెత్తేకి పోలేదు. నేను గుడినుంచి వచ్చేటప్పటికి నా టేబుల్ కాడ కూచోనుండినాడు. ఆడ గాలి బాగా వస్తుందంట. నన్ను చూసి లేసి, "కాఫీ తాగినావా నాయనా?" అన్నాడు. ఎప్పుడూ అడగనోడు.

ఆదివారం చింతామణి సభ. మన ఊరే కాబట్టి మైకులో నన్నే మాట్లాడమన్నాడు సాహేబ్రు. తట్ట ఆయన పడతాడు, మాటలు నేను చెప్తా. నా జన్మకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

ఫిబ్రవరి 22, ఆదివారం

రాయాల. రాయకుంటే ఉండలేను.

స్టేడియం. నా శిష్యులు, వాళ్ళ పిల్లోళ్ళు, కూరగాయల మార్కెట్టోళ్ళు, అందురూ తెలిసిన మొహాలే. ముందు వరసలో పంకజ. ఆమె పక్కన సుజాతమ్మ, పురుగులు గూళ్ళు కట్టేకి వెదురు చంద్రికలెక్కినాయంట, ఒక పూట తీరిక దొరికితే వచ్చింది. సాహేబ్రు తట్ట ఎత్తి పట్టినాడు. నేను మైకు పట్టుకున్నా. గొంతు నాదేనా అనిపించింది, అంత బాగా పలికింది. "అమ్మా, అప్పా, ఇంటికొక బిడ్డనివ్వండి. ఈ ఆకు ఎత్తుకునే బిడ్డ ఎవురు?"

మొదట లేసింది కిశోర్.

వెనకనుంచి వచ్చినాడు, దినామూ పరిగెత్తే దారిలోనే, పరిగెత్తకుండా నడిచి వచ్చినాడు. జనం గుర్తుపట్టినారు. మేష్ట్రు కొడుకు, మేష్ట్రు కొడుకు అని ఒక అల మాదిరి లేసింది. చప్పట్లు. నేను మైకులో ఏమన్నా అనాల్సుండింది. వద్దు అనొచ్చునేమో. ఐదు వేల మంది ముందర, ఇంటికొక బిడ్డనివ్వమన్న అదే మైకులో, నా బిడ్డ వద్దు అని. నోరు తెరిచినా. మళ్ళీ మూసుకున్నా.

వాడు తట్ట ముందర నిలబడి నన్ను చూసినాడు. కోపం లేదప్పా వాడి మొహంలో. అదే నాకు అర్థం కాలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి, నేను దిద్దితే చూసేవాడే, అట్ల చూసినాడు. ఆకు ఎత్తుకున్నాడు. కండ్లకద్దుకున్నాడు.

సాహేబ్రు ఒక్క క్షణం ఆగినాడు, ఒక్కటే. ఆనక తట్ట మోహన్‌కుమార్ చేతికిచ్చి నా కొడుకును కౌగిలించుకున్నాడు. కెమెరాలన్నీ ముందుకొచ్చినాయి. ఆయన కండ్లలో నీళ్ళు, నిజమైన నీళ్ళు. వాడి భుజం మీదుగా నా దిక్కు వంగి, నాకొక్కడికే వినబడేట్ల చెప్పినాడు, "మేష్ట్రే, ఇంక కంటి మాట మరిచిపోండి."

ఆ నీళ్ళూ ఆ మాటా ఒకే మొహంలోనుంచి వచ్చినాయి. అబ్బా, ఏమి మనిషి. ఎంతెత్తు మనిషి.

కింద సుజాతమ్మ నాకు రెండు చేతులెత్తి దండం పెడతాంది. పంకజ ఏడవలేదు. నా దిక్కు చూడనూ లేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

పీఏ ఫోన్. 25వ తారీకు పరీక్ష క్యాన్సిల్.

పేపర్లో ఫోటో వచ్చింది. మొదటి పేజీ. అంజినప్ప మేష్ట్రు పొద్దున్నే వచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోయినాడు. "చెప్పినోడు చేసి చూపించినాడు భార్గవా, నీ మాదిరి మనిషి ఈ తాలూకాలో లేడు" అన్నాడు. నేను వాకిలేసుకొని లోపలికొచ్చినా.

కిశోర్‌ను అడిగినా, "యాలరా ఇట్ల చేసినావు?" వాడు చొక్కాలు మడత పెడతా, "నువ్వే కదా నాయనా పిలిచినావు" అన్నాడు. వెటకారం లేదు. ఉండుంటే బాగుండు.

ఫిబ్రవరి 26, గురువారం

తట్ట వాపసు రాలేదు. సాహేబ్రు దాన్ని ఇంకో జిల్లాకు తీసుకుపోయినాడంట. టీవీలో చూపించినారు. ఎవురో వేరే మేష్ట్రు మైకు పట్టుకొని ఉండాడు. ఆయప్పకు పిల్లోళ్ళుండారో లేదో.

మార్చి 2, సోమవారం

పోయినాడు.

బస్టాండులో సుజాతమ్మ ముందే వచ్చి ఉండింది, అమరేష్‌తో. గూళ్ళు బాగా వచ్చినాయంట, రేపు శిడ్లఘట్ట మార్కెట్టుకు వేస్తుందంట. వాళ్ళిద్దురూ ఒకే సీట్లో కూచున్నారు. ఆమె కిటికీలోనుంచి కిశోర్ చెయ్యి తీసుకొని అమరేష్ చేతిలో పెట్టింది. ఆనక నా దిక్కు తిరిగి, "మీరు ఆ దినం పోతాండాడమ్మా అన్నారే సామీ, నాకు అప్పటినుంచి నిద్ర పడతాంది. మీ రుణం తీర్చుకోలేను" అన్నాది.

నేను ఆమెకు దండం పెట్టినా. ఆమె వద్దు వద్దంటా వెనక్కి జరిగింది. బస్టాండులో అందురూ చూస్తాండారు. పెట్టినా.

బస్సు కదిలేటప్పుడు కిశోర్ కిటికీలోనుంచి తల బయటికి పెట్టి, "నాయనా, డైరీ మానొద్దు" అన్నాడు. సరే సరే అని చెయ్యూపినా. బస్సు మలుపు తిరిగినాక ఆ మాట నాకు తగిలింది. వాడికి డైరీ సంగతేమి తెలుసు? తెలుగు అక్షరాలు ఎప్పుడో మర్చిపోయుంటాడు కదా?

ఇంటికొచ్చినా. పంకజ దేవుని గూట్లో ఆ ఆకు పెట్టి ఉండాది. అంచులు అప్పుడే గోధుమ రంగు తిరిగినాయి. నేను ఈ పుస్తకం ముందునుంచి వెనక దాకా తిప్పినా. ఆఖరి పేజీలో ఉండాది. పెన్సిలు రాత. గుండ్రంగా, పెద్దగా, పలక మీద దిద్దినట్ల, తలకట్టు కూడా మా నాయన పెట్టినట్లే పెట్టినాడు. ఫిబ్రవరి 20 అని తారీకు వేసినాడు. దాన్నే ఈడ ఎత్తి రాసుకుంటాండా, పెన్సిలు చెరిగిపోతుందేమో అని.

"నాయనా, నా కండ్లు బాగానే ఉండాయి. నీ అక్షరాలు కూడా కనబడినాయి. తాత నేర్పించింది నేను మర్చిపోలేదు, నువ్వు ఎప్పుడూ అడగలేదు. నీ మీద కోపం లేదు. నువ్వు సుజాతమ్మకు నేనూ పోతానని చెప్పినావు. మా నాయన అబద్ధం చెప్పినాడని అమరేష్‌తో నేను అనలేను. పోయి దాన్ని నిజం చేస్తా. ఆకు ఎండినా పారెయ్యొద్దు."